ఫ్లావియా పెన్నెత్తా కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లావియా పెన్నెత్తా ఎవరు?

ఇటలీకి చెందిన మాజీ టెన్నిస్ క్రీడాకారిణి. 2015 యూఎస్ ఓపెన్ మహిళల సింగిల్స్ ఛాంపియన్. కప్పు చేతికి అందిన కాసేపటికే, మైదానంలోనే మైకు ముందు నిలబడి, ఇక ఆట చాలిస్తానని చెప్పిన మనిషి అంటే చాలామందికి చప్పున గుర్తొస్తుంది. ఆ ఒక్క సాయంత్రంతోనే ఆమెను గుర్తుపెట్టుకోవడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది. దానికి వెనక పదిహేనేళ్ళ ఆట ఉంది, ఒక పాడైన మణికట్టు ఉంది. ఈ పేజీ అందుకే.

పెనెట్టానా, పెన్నెట్టానా, పెన్నెత్తానా? ఏది సరైనది?

మన పత్రికల్లో ఎక్కువగా 'పెనెట్టా' అని అచ్చయింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి రాయడం వల్ల వచ్చిన రూపం అది. ఇటాలియన్లు నాలుకను పళ్ళకు ఆనించి, మన 'త' లాగే పలుకుతారు. ఒత్తులు కూడా నిజంగా ఒత్తే పలుకుతారు. కాబట్టి 'పెన్నెత్తా' దగ్గరగా ఉంటుంది. ఇంగ్లిష్ వాళ్ళకు నోరు తిరగని ఈ పేరు మనకు ఇబ్బందే కాదు. తెలుగును ఇటాలియన్‌తో పోల్చేవాళ్ళు చెప్పే కారణం తెలిసిందే కదా: రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఫ్లావియా, పెన్నెత్తా, ఆమె స్నేహితురాలు రోబెర్తా వించి... అన్నీ అజంతాలే.

ఆమెది ఏ ఊరు?

బ్రిందిసి. ఇటలీని బూటుతో పోలుస్తారు కదా, ఆ బూటు మడమ దగ్గర ఉండే రేవు పట్టణం. పూలియా ప్రాంతంలోది. 1982 ఫిబ్రవరి 25న పుట్టింది. చిన్నతనంలోనే రాకెట్ పట్టింది.

టెన్నిస్‌తో సంబంధం లేకపోయినా ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. బ్రిందిసి పేరు మన తాతముత్తాతల కాలంలో మన దేశంలో బాగా వినపడేది. సూయజ్ కాలువ తెరుచుకున్నాక లండన్ నుంచి ఇండియాకు వచ్చే టపా రైల్లో బ్రిందిసి దాకా వచ్చి, అక్కడ ఓడెక్కి బొంబాయి చేరేది. రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని 1931 డిసెంబరులో గాంధీజీ స్వదేశానికి ఓడెక్కింది కూడా ఆ రేవులోనే.

రోబెర్తా వించితో ఆమె స్నేహం ఎప్పటిది?

చిన్నప్పటిది. వించి సొంతూరు తారాంతో. అదీ పూలియాలోనే, బ్రిందిసికి 70 కిలోమీటర్ల దూరం. వించి ఏడాది చిన్నది. పిల్లల టోర్నీల్లో ఒకరికొకరు ఎదురుపడుతూ, మరికొన్ని చోట్ల జోడీగా ఆడుతూ పెరిగారు. తర్వాత శిక్షణ కోసం రోమ్ వెళ్ళినప్పుడు కొన్నేళ్ళు ఒకే చోట ఉన్నారు. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ బాలికల డబుల్స్ కప్పు ఇద్దరూ కలిసి గెలిచారు.

పదహారేళ్ళ తర్వాత అదే ఇద్దరు న్యూయార్క్‌లో ఆర్థర్ యాష్ స్టేడియంలో నెట్‌కు చెరోవైపు నిలబడ్డారు. పక్కపక్క జిల్లాల నుంచి వచ్చి, ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్న ఇద్దరమ్మాయిలు ప్రపంచ వేదిక మీద ఒకే కప్పు కోసం తలపడ్డారనుకోండి. సరిగ్గా అలాంటిదే.

ఆమె ఆట ఎలా ఉండేది?

బలం మీద ఆధారపడిన ఆట కాదు. సర్వీసు పిడుగులా ఏమీ పడేది కాదు. ఆమె ఆస్తి రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. బంతి పైకి లేస్తుండగానే అందుకుని, పెద్దగా స్పిన్ లేకుండా, నెట్‌కు కాస్త పైనుంచి నేరుగా కొట్టేది. ముఖ్యంగా లైన్ వెంబడి కొట్టే బ్యాక్‌హ్యాండ్. ప్రత్యర్థి క్రాస్‌కోర్టు వైపు అడుగు వేసేలోపే బంతి రెండోవైపు దాటిపోయేది. డబుల్స్ బాగా ఆడేది కాబట్టి నెట్ దగ్గర చేతులు తడబడేవి కావు.

ఎర్రమట్టి మీద పెరిగిన ఆట ఇది. ఆమె గెలిచిన 11 సింగిల్స్ టైటిళ్ళలో ఏడు మట్టి కోర్టులవే. కానీ తమాషా ఏమిటంటే, పెద్ద విజయాలన్నీ హార్డ్ కోర్టు మీదే వచ్చాయి. ఆ చదునైన బ్యాక్‌హ్యాండ్‌కు మట్టి కంటే గట్టి నేలే ఎక్కువ కలిసొచ్చింది. ఈ సంగతి ఆమెకే కాస్త ఆలస్యంగా తెలిసిందేమోనని నా అనుమానం.

11 సింగిల్స్ టైటిళ్ళు ఏవి?

2004లో పోలండ్‌లోని సోపోత్‌లో తొలి టైటిల్. 2005లో బొగోటా, అకపుల్కో. 2007లో బ్యాంకాక్. 2008లో వినా దెల్ మార్, మళ్ళీ అకపుల్కో. 2009లో పలెర్మో, లాస్ ఏంజెలిస్. 2010లో మార్బెయా. తర్వాత నాలుగేళ్ళ పాటు ఏమీ లేదు. 2014లో ఇండియన్ వెల్స్, 2015లో యూఎస్ ఓపెన్.

ఈ జాబితాలో 2010కీ 2014కీ మధ్య ఉన్న ఖాళీ చూడండి. ఆమె కథంతా ఆ ఖాళీలోనే ఉంది.

టాప్ 10లోకి వచ్చిన తొలి ఇటలీ మహిళ ఈమేనా?

అవును. 2009 ఆగస్టు 17న వెలువడిన డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) ర్యాంకింగ్స్‌లో పదో స్థానానికి చేరింది. పురుషుల్లో ఆద్రియానో పనాత్తా 1970ల్లోనే నాలుగో ర్యాంకు దాకా వెళ్ళాడు. మహిళల్లో అప్పటిదాకా ఎవరూ ఆ గడప తొక్కలేదు. ఆ ఎండాకాలం ఆమె పలెర్మోలో గెలిచింది. వెంటనే అమెరికా వెళ్ళి లాస్ ఏంజెలిస్ ఫైనల్లో సమంతా స్టోసర్‌ను ఓడించింది. సిన్సినాటిలోనూ సెమీస్ దాకా గెలుపు పరంపర ఆగలేదు.

దాని ఫలితం ఇటలీలో తర్వాతి ఏళ్ళలో కనిపించింది. గడప ఒకరు దాటాక వెనకున్నవాళ్ళకు భయం పోతుంది. స్కియావోనే, ఎర్రాని, వించి ముగ్గురూ ఆ తర్వాత టాప్ 10లోకి వచ్చారు.

డబుల్స్‌లో ఆమె నిజంగా ప్రపంచ నంబర్ 1 అయిందా?

అయింది. చాలామందికి తెలియనిది ఇదే. అర్జెంటీనాకు చెందిన జిసేలా దుల్కోతో కలిసి 2010లో మయామీ, స్టుట్‌గార్ట్, రోమ్ వంటి పెద్ద టోర్నీలు గెలిచి, ఏడాది చివర దోహాలో జరిగిన డబ్ల్యూటీఏ ఛాంపియన్‌షిప్స్ కూడా గెలిచింది. 2011 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ ఫైనల్లో అజరెంకా, కిరిలెంకో జోడీ చేతిలో తొలి సెట్ పోగొట్టుకుని కూడా 2-6, 7-5, 6-1తో నెగ్గారు. ఫిబ్రవరి 28న డబుల్స్ ర్యాంకింగ్స్‌లో పెన్నెత్తా నంబర్ 1 అయింది. అంతకుముందు ఆ స్థానానికి చేరిన ఇటలీ క్రీడాకారిణి లేదు.

మొత్తం 17 డబుల్స్ టైటిళ్ళు. యూఎస్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ మాత్రం రెండుసార్లు ఆడి రెండుసార్లూ ఓడింది: 2005లో ఎలెనా డెమెంతియెవాతో జోడీగా, 2014లో మార్టినా హింగిస్‌తో జోడీగా.

మార్టినా హింగిస్‌తోనా? అంటే సానియా మీర్జా జోడీ హింగిస్‌తోనేనా?

ఆ హింగిస్‌తోనే. సానియాతో కలవడానికి ముందు, 2014లో హింగిస్ పక్కన ఆడింది పెన్నెత్తా. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్లో మకరోవా, వెస్నినా చేతిలో మూడు సెట్లలో ఓడినా, తర్వాత వుహాన్‌లోనూ మాస్కోలోనూ టైటిళ్ళు గెలిచారు. 2015 మార్చిలో హింగిస్, మన హైదరాబాదీ సానియా జట్టుకట్టి ఇండియన్ వెల్స్ గెలవడం, ఆ తర్వాత సానియా నంబర్ 1 కావడం, వింబుల్డన్... అదంతా తెలిసిందే.

అయితే సానియా, పెన్నెత్తా ఎదురెదురుగా ఆడారా?

ఆడారు. అదీ పెన్నెత్తా జీవితంలోని అతి పెద్ద టోర్నీలోనే. 2015 యూఎస్ ఓపెన్ మహిళల డబుల్స్ సెమీఫైనల్లో సానియా, హింగిస్ జోడీ 6-4, 6-1తో పెన్నెత్తా, సారా ఎర్రాని జోడీని ఓడించింది. అంటే సింగిల్స్ కప్పు ఎత్తడానికి కొద్ది రోజుల ముందు, అదే న్యూయార్క్‌లో పెన్నెత్తా మన సానియా చేతిలో ఓడింది. సింగిల్స్ ఫైనల్ మరుసటి రోజు, సెప్టెంబరు 13న, సానియా, హింగిస్ డబుల్స్ కప్పు గెలిచారు.

అప్పట్లో మన పత్రికల్లో సానియా గెలుపు పెద్ద అక్షరాల్లో వచ్చింది. న్యాయమే. కానీ ఓడిన జోడీలోని ఒకామె ఆ వారాంతంలోనే సింగిల్స్ ఛాంపియన్ అయిందన్న సంగతి చాలామంది కలిపి చూడలేదు.

ఫెడ్ కప్‌లో ఆమె పాత్ర ఎంత?

మహిళల జట్టు టోర్నీ అయిన ఫెడ్ కప్‌ను (ఇప్పుడు బిల్లీ జీన్ కింగ్ కప్ అంటున్నారు) ఇటలీ 2006, 2009, 2010, 2013ల్లో గెలిచింది. నాలుగింటిలోనూ పెన్నెత్తా పాలుంది. అయితే పాలు అన్నిసార్లూ ఒకేలా లేదు. 2013లో కల్యారీలో రష్యాను ఓడించినప్పుడు బరువు మోసింది ఎర్రాని, వించి.

2009, 2010 సంగతి వేరు. 2009లో రెజ్జో కలాబ్రియాలో అమెరికాతో ఫైనల్. పెన్నెత్తా మొదట అలెక్సా గ్లాచ్‌ను, తర్వాత మెలనీ ఊడిన్‌ను ఓడించి కప్పు ఖాయం చేసింది. మరుసటి ఏడాది మళ్ళీ అమెరికాతోనే, ఈసారి వాళ్ళ గడ్డ మీద, శాన్ డియేగోలో. బెథనీ మాటెక్-సాండ్స్‌ను ఓడించింది. స్కియావోనే ఒక మ్యాచ్ పోగొట్టి అమెరికా శిబిరంలో ఆశ పుట్టేసరికి, పెన్నెత్తా వచ్చి కోకో వాండవెగిని 6-1, 6-2తో ఊడ్చేసింది. వరసగా రెండేళ్ళు కప్పు తెచ్చిన ఆఖరి పాయింటు ఆమె రాకెట్ నుంచే వచ్చింది.

2012లో ఏం జరిగింది? రిటైర్ అవుదామనుకుందని అంటారు.

కుడి మణికట్టు. టెన్నిస్ ఆడేవాళ్ళకు మోకాలు పోయినా ఏదో సర్దుకోవచ్చు, మణికట్టు పోతే చేతిలో రాకెట్ ఉన్నా లేనట్టే. 2012 వేసవిలో శస్త్రచికిత్స చేయించుకుంది. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఆడలేదు. నెలల తరబడి ఆటకు దూరమయ్యాక 2013లో తిరిగొచ్చాక ర్యాంకు 100 కిందికి, 160ల్లోకి జారిపోయింది. వయసు 31. ఒకప్పటి టాప్ 10 క్రీడాకారిణి చిన్న టోర్నీల్లో తొలి రౌండ్లలో ఓడిపోతూ వచ్చింది. ఆ వసంతంలో ఆట మానేద్దామన్న ఆలోచన గట్టిగానే వచ్చిందని ఆమే తర్వాత చెప్పుకుంది.

మానలేదు. కొత్త కోచ్ సాల్వదోర్ నవారోతో పని మొదలుపెట్టింది. అంతకుముందు ఏళ్ళ తరబడి గాబ్రియేల్ ఉర్పీ దగ్గర బార్సిలోనాలో సాధన చేసిన మనిషి, ముప్పై దాటాక పద్ధతి మార్చుకోవడం చిన్న విషయం కాదు. 2013 వింబుల్డన్‌లో నాలుగో రౌండ్ చేరింది. ఆ సెప్టెంబరులో 83వ ర్యాంకుతో యూఎస్ ఓపెన్‌కు వెళ్ళి, నాలుగో సీడ్ ఎర్రానినీ, కుజ్నెత్సోవానూ, హలెప్‌నూ, చివరికి క్వార్టర్ ఫైనల్లో స్నేహితురాలు వించినీ ఓడించి సెమీస్ చేరింది. అక్కడ అజరెంకా ఆపింది.

నన్నడిగితే ఆమె కెరీర్‌లో అసలు మలుపు 2015 కాదు, ఈ 2013. చేతిలో ఏమీ లేనప్పుడు మానకుండా ఆగింది. అన్నీ ఉన్నప్పుడు మానేసింది. మామూలుగా అందరూ చేసేది దీనికి తిరగేసి కదా!

ఇండియన్ వెల్స్ విజయం అంత పెద్దదా?

పెద్దదే. గ్రాండ్‌స్లామ్‌ల తర్వాత మహిళల టెన్నిస్‌లో అంత ప్రతిష్ఠ ఉన్న టోర్నీలు రెండో మూడో. కాలిఫోర్నియా ఎడారిలో, 2014 మార్చిలో, 20వ సీడ్‌గా దిగింది. స్టోసర్, స్లోన్ స్టీఫెన్స్‌లను దాటింది. సెమీస్‌లో టాప్ సీడ్, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తనను క్వార్టర్స్‌లో ఓడించి ఆ కప్పు గెలిచిన లీ నాను ఓడించింది. ఫైనల్లో రద్వాన్స్‌కా మోకాలి నొప్పితో కుంటుతూ ఆడింది. స్కోరు 6-2, 6-1. ఫైనల్ చప్పగా ముగిసిన మాట నిజమే. కానీ సెమీస్ వరకు వచ్చిన దారి ఎవరూ దానం చేసింది కాదు.

2015 యూఎస్ ఓపెన్‌లో ఆమెకు డ్రా కలిసొచ్చిందా? అదృష్టం అంటారు కొందరు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఆమె ఓడించిన పేర్లు చూసినట్టు లేదు. 26వ సీడ్‌గా దిగింది. వింబుల్డన్‌లో తొలి రౌండ్లోనే ఓడి వచ్చింది కాబట్టి ఎవరికీ అంచనాల్లేవు. మూడో రౌండ్లో పెత్రా చెత్కోవ్‌స్కా మీద తొలి సెట్ 1-6తో పోయింది. తర్వాత 6-1, 6-4తో తేరుకుంది. ప్రిక్వార్టర్స్‌లో 2011 ఛాంపియన్ స్టోసర్ మీద రెండు సెట్లలో గెలుపు. క్వార్టర్స్‌లో రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన క్విటోవా: ఒక సెట్ వెనకబడి 4-6, 6-4, 6-2. సెమీస్‌లో రెండో సీడ్ సిమోనా హలెప్: 6-1, 6-3. ఆ మ్యాచ్‌లో హలెప్‌కు ఊపిరి తిప్పుకునే సందు దొరకలేదు.

అదృష్టం ఒకే ఒక్క చోట ఉంది. అది తర్వాతి ప్రశ్నలో.

సెరెనాను ఎప్పుడైనా ఓడించిందా?

ఒక్కసారి కూడా లేదు. వీనస్‌ను ఓడించింది, షరపోవాను ఓడించింది, సెరెనాను మాత్రం కెరీర్ మొత్తంలో దాటలేకపోయింది. యూఎస్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లోనే రెండుసార్లు, 2009లో, 2014లో, సెరెనా ఆమె దారికి అడ్డుపడింది.

2015లో సెరెనా అప్పటికే మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి వచ్చింది. న్యూయార్క్‌లో కూడా గెలిస్తే 1988లో స్టెఫీ గ్రాఫ్ తర్వాత ఒకే ఏడాది నాలుగూ గెలిచిన మనిషి అయ్యేది. ఆమెకు సెమీస్ ప్రత్యర్థి 43వ ర్యాంకు వించి. పందేల వాళ్ళు వించి గెలిస్తే ఒకటికి మూడొందలు ఇస్తామన్నారు. వించి 2-6, 6-4, 6-4తో గెలిచింది. స్లైసులు, చిన్న చిన్న మెలికలు, నెట్ దగ్గరికి పరుగులు. బలానికి బలంతో బదులివ్వకుండా ఆడిన ఆట అది.

అలా పెన్నెత్తా దారిలోని కొండను తొలగించింది ఆమె చిన్ననాటి నేస్తమే. తీరా మరుసటి రోజు ఓడిపోయిందీ ఆ నేస్తమే.

ఫైనల్ ఎలా జరిగింది?

2015 సెప్టెంబరు 12, శనివారం. మన దేశంలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. వాన వల్ల సెమీఫైనల్స్ గురువారం నుంచి శుక్రవారానికి జరిగాయి కాబట్టి ఇద్దరికీ విశ్రాంతి లేదు. ఇద్దరు ఇటాలియన్లు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్లో తలపడటం అదే మొదటిసారి. ఇటలీ ప్రధాని మత్తేయో రెంజీ పనులు పక్కనపెట్టి విమానమెక్కి వచ్చి స్టాండ్స్‌లో కూర్చున్నాడు. స్వదేశంలో దానిమీద విమర్శలూ వచ్చాయనుకోండి.

తొలి సెట్ ఇద్దరికీ కాళ్ళు వణికిన సెట్. బ్రేకులు (ఎదుటివాళ్ళ సర్వీసు గేమ్ గెలవడం), ఎదురు బ్రేకులు. టైబ్రేక్ 7-4తో పెన్నెత్తాది. అక్కడితో వించి ఒంట్లో శక్తి అయిపోయింది. రెండో సెట్ 6-2. గెలిచాక ఎగిరి గంతులేయలేదు. నెట్ దగ్గర ఇద్దరూ చాలాసేపు కౌగిలించుకున్నారు. బహుమతుల వేదిక సిద్ధమయ్యేలోపు ఒకే చోట పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఓడినామె కళ్ళలో నీళ్ళు, గెలిచినామె ముఖంలో గర్వం కనబడతాయని కెమెరాలు వెతికాయి. బస్సు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు ఊరివాళ్ళలా కనిపించారు.

అంత గెలిచి అప్పుడే ఎందుకు రిటైర్ అయింది?

ఓటమి బాధలోనో గెలుపు ఊపులోనో అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం కాదు అది. టోర్నీ మొదలుకావడానికి ముందే మనసులో ఖాయం చేసుకుంది. దగ్గరివాళ్ళు కొద్దిమందికే తెలుసు. వారం వారం పోటీకి సిద్ధపడే కసి తనలో తగ్గుతోందని, అది లేకుండా కోర్టులోకి దిగడం ఇష్టం లేదని ఆమె మాటల సారాంశం. ఇలాగే వీడ్కోలు చెప్పాలని ఆశపడ్డానని కప్పు అందుకుంటూ చెప్పింది.

ఒక సవరణ: ఆ రోజే ఆట ఆపేయలేదు. ఆ సీజన్ పూర్తిచేసింది. సెప్టెంబరు 28న కెరీర్‌లోనే ఉత్తమమైన ఆరో ర్యాంకుకు చేరింది. ఏడాది చివర మొదటి ఎనిమిది మందికి సింగపూర్‌లో జరిగే డబ్ల్యూటీఏ ఫైనల్స్‌కు సింగిల్స్‌లో తొలిసారి, ఆఖరిసారి అర్హత సాధించింది. హలెప్ చేతిలో ఓడి, రద్వాన్స్‌కాను ఓడించి, 2015 అక్టోబరు 29న షరపోవా చేతిలో 7-5, 6-1తో ఓడింది. అదే చివరి సింగిల్స్ మ్యాచ్. ఆమె ఓడించిన రద్వాన్స్‌కాయే ఆ టోర్నీ గెలిచింది!

తర్వాత మళ్ళీ ఆడిందా?

లేదు. రియో ఒలింపిక్స్‌కు వస్తుందేమోనని కొన్నాళ్ళు మాటలు నడిచాయి. రాలేదు. ఇలాంటి ప్రకటనలు చేసి ఏడాది తిరక్కుండా వెనక్కొచ్చినవాళ్ళు టెన్నిస్‌లో బోలెడుమంది. ఈమె మాట మీద నిలబడింది.

ఆమె పేరిట ఉన్న రికార్డులు?

ఓపెన్ శకంలో (1968 నుంచి) తొలి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ గెలిచిన మహిళల్లో అతి పెద్ద వయసు ఆమెదే: 33 ఏళ్ళ ఆరు నెలలు. అది ఆమెకు 49వ గ్రాండ్‌స్లామ్. అన్ని ప్రయత్నాల తర్వాత తొలి టైటిల్ గెలిచినవాళ్ళు మహిళల్లో అంతకుముందు లేరు. మరియన్ బార్తోలీ 47వ ప్రయత్నంలో గెలిచిన రికార్డు దాంతో పోయింది. యూఎస్ ఓపెన్ సింగిల్స్ గెలిచిన తొలి ఇటాలియన్ కూడా ఆమే. పురుషుల్లో ఆ కప్పు కోసం ఇటలీ 2024లో యానిక్ సిన్నర్ గెలిచేదాకా ఆగాల్సి వచ్చింది.

మిగతా గ్రాండ్‌స్లామ్‌లలో?

ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 2014లో క్వార్టర్ ఫైనల్. ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్‌లలో నాలుగో రౌండ్ దాటలేదు. మట్టి మీద పెరిగి ఫ్రెంచ్ ఓపెన్‌లో క్వార్టర్స్ కూడా చేరకపోవడం విచిత్రమే. యూఎస్ ఓపెన్‌లో మాత్రం 2008, 2009, 2011, 2013, 2014, 2015ల్లో, ఆరుసార్లు, క్వార్టర్స్ లేదా ఆపైకి వెళ్ళింది. న్యూయార్క్ ఆమెకు అచ్చొచ్చిన ఊరు.

ఎంత సంపాదించింది?

కెరీర్ మొత్తం ప్రైజ్‌మనీ సుమారు 1.4 కోట్ల డాలర్లు. అందులో 33 లక్షలు ఆ ఒక్క శనివారానివి.

స్కియావోనే, పెన్నెత్తా: ఇద్దరిలో ఎవరు గొప్ప?

గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన తొలి ఇటలీ మహిళ ఫ్రాంచెస్కా స్కియావోనే, 2010 ఫ్రెంచ్ ఓపెన్‌లో. మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్ చేరింది. ర్యాంకులో నాలుగు దాకా వెళ్ళింది. దారి వేసింది ఆమె అనడంలో వాదన లేదు. ఒక్క టోర్నీలో కళ్ళు తిరిగే ఆట చూడాలంటే స్కియావోనే. పదేళ్ళ లెక్క వేసి, సింగిల్స్, డబుల్స్, జట్టు ఆట అన్నీ తూకం వేస్తే నా ఓటు పెన్నెత్తాకే. సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్, డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్, నంబర్ 1, నాలుగు ఫెడ్ కప్పులు. స్కియావోనే అభిమానులు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

ఫాబియో ఫోన్యీనితో పెళ్ళి, ఇప్పటి జీవితం?

ఫోన్యీని కూడా ఇటలీ టెన్నిస్ క్రీడాకారుడే. ఆమె గెలిచిన ఆ 2015 యూఎస్ ఓపెన్‌లోనే మూడో రౌండ్లో, రెండు సెట్లు వెనకబడి కూడా నాదల్‌ను ఓడించాడు. ఆమె ఎంత నెమ్మదో అతనికి అంత కోపమని టెన్నిస్ చూసేవాళ్ళకు తెలుసు. 2016 జూన్ 11న బ్రిందిసికి దగ్గర్లోని ఒస్తూనిలో పెళ్ళి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు. ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ కప్పులు ఆ ఇంట్లో రెండున్నాయి: ఆమెది 2011లోది, అతను సిమోనే బొలెల్లితో గెలిచింది 2015లోది. 2025 వింబుల్డన్ తొలి రౌండ్లో అల్కరాస్‌ను ఐదు సెట్ల దాకా లాగి, ఆ తర్వాత కొద్ది రోజులకే ఫోన్యీనీ ఆటకు సెలవు చెప్పాడు. పెన్నెత్తా ఇటలీ టీవీలో టెన్నిస్ విశ్లేషకురాలిగా కనిపిస్తుంటుంది.

ఆమె మ్యాచ్ ఒక్కటే చూడాలంటే ఏది చూడాలి?

2015 ఫైనల్ వద్దు. అది కథగా గొప్పది, ఆటగా అంత కాదు. 2009 యూఎస్ ఓపెన్ ప్రిక్వార్టర్స్ చూడండి, వెరా జ్వొనరెవా మీద. పెన్నెత్తా తొలి సెట్ 3-6తో పోగొట్టుకుంది. రెండో సెట్లో ఆరు మ్యాచ్ పాయింట్లు ఎదుర్కొంది. ఒక్కొక్కటీ కాచుకుంటూ వచ్చింది. అవతల జ్వొనరెవా ఏడుస్తోంది, కాళ్ళకు చుట్టిన పట్టీలను పీకి పారేస్తోంది, రాకెట్ నేలకేసి కొడుతోంది. ఇవతల పెన్నెత్తా ముఖంలో ఏ మార్పూ లేదు. టైబ్రేక్‌లో సెట్ గెలిచింది. మూడో సెట్ 6-0.